నీళ్ల ఒడ్డున కాటేజీలు

తమ ఊరు వేములఘాట్ మల్లన్నసాగర్ జలాశయంలో మునిగాక, భూపతి ఆ నీళ్లకు ఎదురుగా కొంత జాగ కొని రెండు కాటేజీలు కట్టాడు. కొత్త జంటలు పట్నం నుంచి వచ్చి విశ్రాంతిగా గడిపి పోయేవారు. వంట అతని భార్య జ్ఞానేశ్వరిది. ఆమె మాత్రం ఎన్నడూ ఒడ్డుకు వెళ్లేది కాదు.

ఒక సాయంత్రం మైత్రి అనే కొత్త పెళ్లికూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. "రండి ఆంటీ, నీళ్ల దగ్గర మాతో ఒక ఫొటో దిగండి."

"నేను రాను బిడ్డా. మా పాప గా నీళ్ల అడుగునున్నది. చిన్నప్పుడే జొరమొచ్చి పోయింది. మా చెల్కలోనే బొందపెట్టినం."

మైత్రి చెయ్యి వదిలేసింది. తెల్లారగానే ఆ జంట వెళ్లిపోయింది.

"గట్ల చెప్తే గీడికి ఎవలొస్తరు?" అని భూపతి కేకలేశాడు.

"రమ్మన్నది, ఎందుకు రానో చెప్పిన. అబద్ధమాడాల్నా?"

ఆ తర్వాత వచ్చిన జంటలకు అతను ముందే చెప్పసాగాడు. "మా ఇంటామెకు చెవులు వినవడయి, మాటలు రావు."

గుమ్మంలో నిలబడి ఆ మాట విన్న జ్ఞానేశ్వరి కాదనలేదు. వాళ్లకు రొట్టెలు వడ్డించి లోపలికి వెళ్లింది. ఆనాటి నుంచి భూపతితో కూడా మాట్లాడలేదు. అతను బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఆమె ఎదుట కూర్చుని పాపను పేరు పెట్టి పిలిచి ఏడ్చాడు. ఆమె పెనం మీది రొట్టె తిరగేసింది.