చేపల వేలంపాట పాఠం

మా కోడలు కూడా ఇంగ్లీషు టీచరే. ఈమధ్య వాళ్ళ శిక్షణ చాలావరకు ఫోనులోనే జరిగిపోతోంది. పొద్దున పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది, పక్కన చెంబుకు ఆనించిన ఫోనులో ఎవరో ఒకావిడ తరగతి గదిలో సృజనాత్మకత గురించి తీయగా చెబుతూ ఉంటుంది, మా కోడలు మధ్యమధ్యలో చెయ్యి తుడుచుకుని తెర మీద ఎక్కడో నొక్కి మళ్ళీ పోపు వైపు తిరుగుతుంది. ఆ గొంతు వింటూ కాఫీ తాగడం నాకూ అలవాటైంది. నిన్న ఆవిడ, పిల్లల బతుకులోంచే పాఠం పుట్టించండి అంది. ఆ మాట ఒకప్పుడు నేను మైకు పట్టుకుని చెప్పినదే, చప్పట్లు కొట్టించుకున్నదే. కాఫీ సగంలో వదిలేసి లేచి వసారాలోకి వెళ్ళిపోయాను. చక్కెర తక్కువైందేమోనని మా కోడలు అనుకుంది, పాపం.

మన కాలంలో ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నామో నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఊరు సంగంలో మా నాన్న వరి పండించేవాడు, మాకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు బెత్తం పండించేవారు. ఎక్కాలు వల్లించినట్టు క్రియారూపాలన్నీ వల్లించి, అర్థం అడిగితే బిక్కమొహం వేసి, పరీక్షలో మాత్రం గట్టెక్కిన జాతి మనది. ఆ చదువుతోనే నేనూ టీచరునయ్యాను, కావలి నుంచి బస్సులో వెళ్ళి వచ్చే ఒక సముద్రపు ఒడ్డు పల్లెలో హైస్కూలుకు వేశారు. చేపలు పట్టే వాళ్ళ పిల్లలు. బయట ఇసుకలో వాళ్ళ నోళ్ళకు అడ్డూ ఆపూ ఉండేది కాదు, నా గంటలో మాత్రం గోడకు కొట్టిన మేకుల్లా కూర్చునేవాళ్ళు. నేను చదివేదాన్ని, తెలుగులో చెప్పేదాన్ని, బోర్డు మీద రాసేదాన్ని, వాళ్ళు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్ళు. వాళ్ళకు చదువు రాదని కొన్నాళ్ళు నమ్మాను కూడా.

ఒక వేసవిలో నెల్లూరులో శిక్షణకు పంపారు. పెద్ద వయసు శిక్షకుడు ఒకాయన మమ్మల్ని కుర్చీల్లోంచి లేపి నేల మీద కూర్చోబెట్టి, బస్టాండులో దారి తప్పిన వాళ్ళలా, కూరగాయల బేరం చేసేవాళ్ళలా ఇంగ్లీషులో మాట్లాడించారు. చీర కొంగులు బిగించి, నడివయసు ఆడవాళ్ళం చిన్నపిల్లల్లా ఆడాం. తప్పు మాట్లాడినా ఎవరూ కొట్టని చోట ఇంగ్లీషు మాట్లాడటం అదే మొదటిసారి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే ఇంగ్లీషులో మాట్లాడుకున్నాను, కండక్టరు వింతగా చూశాడు కూడా. ఆ సంతోషం అబద్ధం కాదు. తర్వాత జరిగినదానికి నన్ను నేను ఎంత తిట్టుకున్నా, ఆ సంతోషాన్ని మాత్రం తిట్టలేను.

బడి తెరిచాక ఏం చేయించాలా అని ఆలోచిస్తుంటే, పొద్దున బస్సు దిగేసరికి ఒడ్డున రోజూ కనిపించేదే కనిపించింది. పడవలు వచ్చి చేపలు ఇసుక మీద కుప్పలు పోస్తే, చుట్టూ గంపలతో ఆడవాళ్ళు, మధ్యలో వేలంపాట పాడే మనిషి, అరుపులు, ఎగతాళులు. ఆ వేలంపాటనే తొమ్మిదో తరగతి గదిలోకి తెచ్చాను. బల్లలు వెనక్కి జరిపించి, అట్టముక్కలతో వంజరాలు, చందువలు, కానాగంతలు, ఇలా రకరకాల చేపలు కత్తిరింపించి, పాటంతా ఇంగ్లీషులోనే అన్నాను. మొదట ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి వచ్చింది. వాళ్ళమ్మ ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళల్లో అమ్మేది. ఆ పిల్ల అట్ట వంజరాన్ని తోక పట్టుకుని ఎత్తి, అచ్చం ఒడ్డున పాట పాడే మనిషిలాగే ఒక కన్ను మూసి, వచ్చినన్ని ఇంగ్లీషు మాటలతో పాట మొదలుపెట్టింది. రాని చోట కొత్త మాట అడిగింది, చెప్పగానే అందుకుంది. కాసేపటికి గదంతా ఇంగ్లీషులో బేరాలాడుతోంది. గోల విని హెడ్మాస్టరుగారు కర్రతో వచ్చి, గుమ్మంలో నిలబడి, కర్ర వెనక దాచుకుని నవ్వారు.

ఆ పాఠమే నా తలరాత మార్చింది. మండలంలో టీచర్ల సమావేశంలో చెప్పమన్నారు, చెప్పాను. తర్వాత డివిజనులో, తర్వాత జిల్లాలో. శిక్షణ పొందేదాన్నల్లా శిక్షణ ఇచ్చేదాన్నయ్యాను. రిజిస్టరులో నా పేరుకెదురుగా సంతకం బదులు ఓ.డి. అని పడేది, అంటే బడిలో లేకపోయినా డ్యూటీలో ఉన్నట్టే. ఆ రెండక్షరాలంత తీయనివి ఇంగ్లీషు మొత్తంలో లేవనిపించేది నాకు. ఉత్తర్వు రావడం ఆలస్యమైతే నేనే ఎవరితోనో అడిగించుకునేదాన్ని. జిల్లాలో ఆ చివర కోట నుంచి ఈ చివర ఉదయగిరి దాకా ఎక్కడికి వెళ్ళినా ఆ పిల్ల కథ చెప్పేదాన్ని, ఒక కన్ను మూసి చూపించేదాన్ని, హాలంతా నవ్వేది. ఇంట్లో మా ఆయన వంట నేర్చుకున్నారు. బడిలో నా గంటల్లో మా లెక్కల టీచరు లెక్కలు చేయించేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఒకరోజు సంచీ సర్దుకుంటుంటే మామూలుగానే అనేసింది, "ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్లేదు పాపా." నవ్వేశాను. చేపల ఊళ్ళో బడి కదా, ఈగలకు కొదవేముంది అని కూడా అన్నాను.

ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. ఒకరోజు వాళ్ళమ్మ గంప బయట దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది. టెన్త్ పాసైతే కావలిలో కాలేజీలో చేర్చడానికి తండ్రిని ఒప్పించిందట, తప్పితే రొయ్యలు ఒలిచే షెడ్డుకు పనికి పంపిస్తానన్నాడట. "మిగతావన్నీ చదవతాది మేడం, ఇంగ్లీషొక్కటే భయమంటది. మీ దగ్గిరైతే నేర్చుకుంటది. ఈ ఒక్కటి దాటించండి" అంది. అదేం మాట, జిల్లా అంతా చెప్పుకునే పిల్ల, దానికేం భయం అన్నాను. నిజానికి ఆ పిల్లకు మాట్లాడటం వచ్చింది కానీ రాయడం రాలేదు. మాటలోంచి రాతలోకి నడిపించడం మరో మెట్టు. ఆ మెట్టు ఎలా ఎక్కించాలో నాకు తెలుసు, ఆ ఏడాది ఎన్నో హాళ్ళలో టీచర్లకు చెప్పాను కూడా. నా తరగతిలో చేయించడానికి మాత్రం తీరిక దొరకలేదు. వచ్చే వారం, వచ్చే వారం అంటూ ఉండగానే పరీక్షలు వచ్చేశాయి. ఆ పిల్ల ఒక్క ఇంగ్లీషులోనే తప్పింది.

జూన్లో సప్లిమెంటరీ ఉందిలే, సెలవుల్లో మా ఇంటికి రా, నేను చూసుకుంటానన్నాను. తండ్రి ఆ ఒక్కసారికి ఒప్పుకున్నాడు. రోజూ బస్సెక్కి కావలి వచ్చేది. వసారాలో కూర్చోబెట్టి, పాటలో తను అన్న మాటల్నే కాగితం మీద పెట్టించాను. తడబడుతూనే సొంత వాక్యాలు రాయడం మొదలుపెట్టింది, రాసిన ప్రతిదీ పైకి చదివి నా మొహం చూసేది. ఇంకొన్నాళ్ళు కూర్చుని ఉంటే దాటేదే. ఇది నాకు నేను చెప్పుకునే ఓదార్పు కాదు, ఇంగ్లీషు టీచరుగా చెబుతున్నాను.

అంతలో హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది, రాష్ట్రమంతటికీ శిక్షణ పుస్తకం రాయడానికి. హెడ్మాస్టరుగారు మంచి మనిషి, వెళ్ళలేనంటే ఆ మాటే నేను పైవాళ్ళకు రాసి పంపుతానమ్మా అన్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. రాలేదనడం కూడా సరికాదు, నాకు వెళ్ళాలని ఉంది. ఆ పిల్లకు ఒక గైడు కొనిచ్చి, ఏ పాఠాలు చూసుకోవాలో గుర్తులు పెట్టిచ్చాను. పుస్తకంకేసి చూసి, సరే మేడం అంది, అంతే. చెప్పులు వేసుకుని మెట్లు దిగి బస్టాండుకు నడిచి వెళ్ళింది. ఆ పిల్ల మళ్ళీ పరీక్ష హాల్లో కూర్చున్న రోజుల్లోనే నేను హైదరాబాదులో ఫాను కింద కూర్చుని చేపల వేలంపాట పాఠాన్ని అందంగా రాస్తున్నాను. వచ్చి అడిగితే మళ్ళీ తప్పిందన్నారు. అప్పటికే షెడ్డుకు వెళ్తోంది. వాళ్ళమ్మ ఒడ్డున ఎదురుపడితే ఎప్పటిలాగే, ఎప్పుడొచ్చినారు మేడం అని పలకరించింది. నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

కథ చెప్పడం మాత్రం నేను మానలేదు. ఎక్కడ ఆపాలో తెలుసుకున్నాను, అంతే. గదంతా ఇంగ్లీషులో బేరాలాడే చోట ఆపితే చప్పట్లు పడతాయి. ఆ తర్వాత వినేవాళ్ళే తమకు తోచినట్టు నడిపించుకున్నారు. ఒకచోట ఎవరో, ఆ పిల్ల ఫస్టుక్లాసులో పాసైందట కదా మేడం అన్నారు, నవ్వి ఊరుకున్నాను. ఇంకొన్నేళ్ళకు వాళ్ళు చెప్పుకునే కథలో ఆ పిల్ల టీచరు కూడా అయిపోయింది. జీవితమంతా ఎర్ర పెన్నుతో పిల్లల తప్పులు దిద్దినదాన్ని, ఈ ఒక్కటి దిద్దలేదు.

పోయినేడు ఒక ఆదివారం మా ఆయనతో జువ్వలదిన్నె హార్బరు వైపు చేపల కోసం వెళ్ళాను. పాట ముగించుకుని గంపలు సర్దించుకుంటున్న ఒకామె నన్ను చూసి గబగబా వచ్చి చేతులు పట్టుకుంది. జుట్టు అక్కడక్కడ నెరిసింది కానీ పోల్చుకోవడం కష్టం కాలేదు. షెడ్డు మానేసి వాళ్ళమ్మ వ్యాపారమే చేస్తోంది. టీ తెప్పించింది, మా ఆయన ఆరోగ్యం అడిగింది. కూతురు తొమ్మిదో తరగతట. ఆ మాట మీద నవ్వుతూ చెప్పింది.

"మా పాప వాళ్ళ టీచరు మీ పేరు జెప్పి కత జెప్పినారంట మేడం. సముద్రం కాడ ఒక పిల్ల ఇంగ్లీషులో చేపలు పాట పాడిందంట, పెద్ద చదువులు చదివి టీచరయిందంట. నువ్వు గూడా ఆ పిల్లలాగా కావాలన్నారంట మా పాపని."

ఆ పిల్లవు నువ్వేనని చెప్పావా అని అడిగాను.

"ఎట్ట జెప్పేది మేడం? కతలో పిల్ల పాసయింది గదా. అది నేనేనంటే, చదివినా ఇంతేలే అనుకోదా? ఆ పిల్లెవరో నాకు తెలవదని జెప్పినా."

అందులో దెప్పిపొడుపు లేదు, ఉంటే తేలిక పడేదాన్ని. టీ గ్లాసు అందుకుని, మంచి చందువలు ఏరించి నా సంచీలో వేయించి పంపింది.

ఇప్పుడు రోజులు మారాయి. శిక్షణ కోసం టీచరు ఊళ్ళు పట్టుకు తిరగనక్కర్లేదు, పొయ్యి దగ్గరే అయిపోతుంది, పిల్లల గంట పిల్లలకు మిగులుతుంది. అప్పుడూ ఇలాగే ఉండి ఉంటేనా అనుకోబోయి ఆగిపోతుంటాను, ఎందుకంటే నేల మీద కూర్చుని ఆడిన ఆ ఆట ఫోనులో రాదని నాకు తెలుసు, ఫోను ఉన్నా నేను చప్పట్లున్న చోటికే వెళ్ళేదాన్నని కూడా తెలుసు. ఆ పాప ఈ ఏడు టెన్త్. ఇంగ్లీషు ఎవరు చెబుతున్నారు, చెప్పే మనిషి రోజూ బడికి వస్తోందా అని వాళ్ళమ్మకు ఫోను చేసి అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. అడిగే మొహం లేక ఊరుకున్నాను.