ఓడలో రాని పెట్టె

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండిన ఏడు, ఒక మధ్యాహ్నం మా వంటింట్లో ఉన్నవాళ్లు నలుగురు: మా బాపమ్మ, అంటే బాపు తల్లి, మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, మా చిన్నబాపు, అంటే బాపుకు తమ్ముడు, నాలుగు రోజుల కింద గల్ఫ్ నుంచి వచ్చినవాడు, నేను. ఉన్న వస్తువులు: పొయ్యి మీద, అడుగున ఇసుక పోసిన పెద్ద గుండిగ. పళ్లెంలో మైదాపిండి, డాల్డా. ఒక ఖర్జూరాల పొట్లం, పిడికెడు బాదం, పిడికెడు పిస్తా. పెరట్లో కోసిన జామపండ్లు, బెల్లం. గచ్చు మీద వరసగా పద్దెనిమిది చిన్న స్టీలు గిన్నెలు. వాటిలో ఒక్కటీ మాది కాదు. వీధి తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది.

మా ఊరు ఖానాపూర్ దగ్గర. మా వీధిలో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉండేవాళ్లు. వాళ్లు సెలవుకు వచ్చినప్పుడు తాడుతో బిగించిన పెద్ద అట్టపెట్టె ఒకటి వెంట వచ్చేది. మర్నాడు దాన్ని అందరి ముందూ విప్పేవాళ్లు. సబ్బులు, అత్తరు సీసాలు, బాదం పొట్లాలు ఇంటికి ఇంత అని పంచేవాళ్లు. ఎవరూ అడిగేవాళ్లు కాదు, అడగకుండానే అందేది. అంతకు ముందు ఏడు పక్కింటి అక్కకు భర్త పంపిన పెట్టె విప్పినప్పుడు మాకు ఒక టార్చిలైటూ అరకిలో బాదమూ వచ్చాయి.

చిన్నబాపు మాత్రం భుజానికి ఒక సంచితో దిగాడు. అక్కడ ఒక బేకరీ వంటగదిలో పనిచేసేవాడు. అది మూతపడింది. కొన్ని నెలలు జీతం లేకుండా ఉంచుకుని, చివరికి టికెట్ చేతిలో పెట్టి పంపేశారు. వచ్చిన రోజు నుంచి గడప దాటలేదు. ఎవరికీ కనపడకుండా బొంబాయి వెళ్లిపోయి అక్కడే ఏదో పని చూసుకుంటానన్నాడు. బాపమ్మ భయమంతా అదే. ఇలా తలుపు చాటు నుంచి వెళ్లిన మనిషి మళ్లీ ఈ వీధి మొహం చూడడని ఆమెకు తెలుసు.

మా బాపు దాన్ని ఇంకా చిక్కు చేశాడు. చాయ్ హోటల్లో ఎవరో అడిగితే, తమ్ముడు పెట్టెను ఓడలో వేశాడు, రెండు నెలలకు వస్తుంది అని చెప్పాడు. బరువైన సామాను ఓడలో వేయడం మా వాళ్లకు అలవాటే కాబట్టి అందరూ నమ్మారు. ఆ ఓడను నేను బడికి తీసుకెళ్లాను. మొదటి రోజు అందులో ఒక రిమోట్ కారు పెట్టాను. రెండో రోజుకు దానికి లైట్లు వచ్చాయి.

ఉన్న ఒక్క ఖర్జూరాల పొట్లాన్ని పద్దెనిమిది ఇళ్లకు పంచితే చేతికి నాలుగు కాయలు కూడా రావు. గల్ఫ్ నుంచి వచ్చినవాడు నాలుగు కాయలు పంచాడంటే ఏమీ పంచకపోవడం కన్నా హీనం. అందుకని బాపమ్మ నన్ను ఇంటింటికీ పంపి, ఒక్కొక్క చిన్న గిన్నె చేబదులుగా అడిగి తెమ్మంది. ఎందుకో అవ్వకే అర్థం కాలేదు. అడిగితే బాపమ్మ నెమ్మదిగా చెప్పింది.

"ఖాళీ గిన్నె వాపస్ ఇస్తమా? అండ్ల ఏదన్న ఏసే ఇస్తం గద. గా ఏదన్న ఏందని ఎవ్వలు తూకమెయ్యరు."

అంటే అది గల్ఫ్ పంపకం కాదు, గిన్నె మర్యాద. బేకరీలో చిన్నబాపు చేతిలో పడిన పని కూడా దానికి సరిపోయింది. అరచేతిలో పట్టే పిండి గిన్నెలో పండ్లూ పప్పులూ నింపి కాల్చేవి, వాటిని టార్ట్‌లు అంటారని చెప్పాడు. బాపమ్మ వాటిని కజ్జికాయల జాతిలో కలిపి, కాల్చిన గరిజలు అని పేరు పెట్టేసింది.

నేను గిన్నెలకు తిరిగాను. ఇచ్చిన ప్రతి ఇల్లాలూ ఓడ ఎంతవరకు వచ్చిందని అడిగింది. నేను నేల చూసి, వస్తుందన్నాను.

చిన్నబాపు పిండిలో డాల్డాను వేళ్ల కొసలతో రవ్వలా నలిపి, చన్నీళ్లు చిలకరించి ముద్ద చేశాడు. దాన్ని ప్రతి గిన్నె లోపలా పలచగా అద్దాడు. అవ్వ జామపండ్ల గింజలు తీసి బెల్లంతో ఉడికించింది. ఖర్జూరం అందులో కలిసి రెండింతలయింది. పైన బాదం, పిస్తా పలుకులు. వేడెక్కిన ఇసుక మీద గిన్నెలు దించి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోశారు. ఆరు చొప్పున మూడు వాయిలు. మొదటి వాయి అడుగు కొంచెం మాడింది. నాలుగు రోజుల్లో చిన్నబాపు గొంతు కాస్త పెద్దగా వినపడింది అప్పుడే, నిప్పులు ఎక్కువయ్యాయని బాపమ్మను కసురుకుంటున్నప్పుడు.

గిన్నెల మీద చెక్కిన పేర్లు చూసి ఏది ఎవరిదో సర్దడం నా పని. తీసుకెళ్లి ఇవ్వడం కూడా నా పనే అనుకున్నాను. కానీ చిన్నబాపు చొక్కా తొడుక్కుని పళ్లెం ఎత్తుకున్నాడు. పొలం నుంచి అప్పుడే వచ్చిన బాపు అడ్డం నిలబడ్డాడు.

"ఓడల వస్తుందని ఊరందరికి చెప్పిన. గిప్పుడు నా ఇజ్జత్ ఏం గావాలె?"

"పెట్టె నాది గద అన్నా. లేదన్న ముచ్చట గూడ నేనే చెప్త."

గొళ్లెం తీసి బయటికి నడిచాడు. పేర్లు చదివి గిన్నెలు అందించడానికి నాకు వెంట వెళ్లక తప్పలేదు. బాపమ్మ వేసిన ఎత్తులో ఒక్క మాట కూడా చెప్పనక్కరలేదు. చిన్నబాపు మాత్రం వీధి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి ప్రతి గడపలోనూ అదే చెప్పాడు.

"వదినె, ఓడల ఏం వస్తలే. నేను తెచ్చింది గింతే. మీ గిన్నెలనే కాల్చిన."

కొందరు ఏమనాలో తెలియక గిన్నె అందుకున్నారు. ఒకాయన, పోనీలే అని భుజం తట్టాడు. ఒకామె, మరి మీ అన్న అట్లెందుకు చెప్పిండని అడిగింది. చిన్నబాపు దానికీ నిలబడి జవాబు చెప్పాడు. నేను మాత్రం గడపల దగ్గర చెప్పులు లెక్కపెడుతూ, ఆయనకు మూడడుగులు వెనకగా నడిచాను, ఆయనతో రానట్టుగా. మధ్యలో నా తరగతి పిల్లవాడి ఇల్లొచ్చింది. వాడు తల్లి వెనక నుంచి తొంగి చూసి, "మీ ఓడ మునిగిందారా?" అన్నాడు. చిన్నబాపు విన్నాడు. నా వైపు తిరిగి చూశాడు. ఆ ఓడలో నేనేం వేశానో ఆయనకు అప్పుడు తెలిసి ఉంటుంది. తర్వాతి గడప వైపు నడిచాడు. ఇంటికొచ్చాక కూడా ఆ సంగతి ఎత్తలేదు.

అన్నిటికన్నా కష్టమైన గడపను చివరికి ఉంచాడు. అది పక్కింటి అక్కది. ఆమె భర్త కూడా గల్ఫ్‌లోనే. చిన్నబాపు చెప్పిందంతా ఆమె విని, లోపలి మంచం కిందికి చూపించింది.

"అగో సూడు కాకా, పెట్టె. మూడేండ్ల సంది పెట్టెలే వస్తున్నయ్. మనిషి రాలే."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. అప్పుడు తలెత్తాను. విప్పిన పెట్టెలో ఆమె పాత చీరలు మడతపెట్టి ఉన్నాయి. అక్క టార్ట్ అంచు విరిచి నోట్లో వేసుకుంది.

"అడుగు మాడ్చినవ్ కాకా. అయితేంది, ఎట్ల చేసుడో మా ఆయినకు ఫోన్ల చెప్పు. గాయినకు చాయ్ పెట్టుడు గూడ రాదు."

చిన్నబాపు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మా వీధి తలుపుకు నిద్రపోయే వేళ దాకా గొళ్లెం పడలేదు.

ఆయన బొంబాయి వెళ్లలేదు. నిర్మల్‌లో ఒక బేకరీలో చేరి, వారం వారం ఇంటికి వచ్చేవాడు. మా ఇంటికి మిగలని ఆ టార్ట్‌ను నేను పెద్దయ్యాక ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నా వంటగదిలో వేడిని అంకెల్లో చూపించే ఓవెన్ ఉంది, తూకానికి కాటా ఉంది, అంచులు మడతలుగా వచ్చే అచ్చులున్నాయి. అయినా స్టీలు గిన్నెల్లోనే చేస్తాను.

ఆఫీసులో నేను చేసిన డిజైన్ తప్పని తేలినప్పుడు, పై అధికారికి ఆ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు, నా చేయి ముందు గొళ్లెం మీదికే పోతుంది. నోట్లోకి ముందు ఓడే వస్తుంది. అప్పుడు పళ్లెంలో గిన్నెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినపడుతుంది, ముందు నడుస్తున్న ఒక చొక్కా వీపు కనపడుతుంది. చాలాసార్లు లేచి వెళ్లి చెప్పేస్తాను. సిగ్గు మాత్రం పోలేదు. అది ఆయన ఖాళీ చేతులతో వచ్చినందుకు కాదు, ఆ మూడడుగుల ఎడం పాటించినందుకు.

ఆ సాయంత్రం చిన్నబాపు నిలబడిన గడపలు పద్దెనిమిది. నేను తలెత్తిన గడప ఒకటి.