అవ్వ ఆముదం, నర్సమ్మ ప్లాస్టర్

వాంతులతో సోలిపోయిన మా చెల్లెలికి ఈరోజు దవాఖానలో గ్లూకోజు పెట్టారు. సూది మీద వేసిన ప్లాస్టర్ నిలవలేదు. సూది పక్కకు జరిగి చేయి ఉబ్బింది. రెండో చేతికి గుచ్చినా ప్లాస్టర్ జారిపోసాగింది. నర్సమ్మ ఆ చేయి వాసన చూసి మా నాయనమ్మ వైపు తిరిగింది.

"ఏందవ్వా, ఆముదం రాసినవా?"

"అవ్ బిడ్డా, చేతులు సల్లబడ్డయని జర రాసిన."

నర్సమ్మ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక మళ్లీ అంటించింది. ఈసారి ప్లాస్టర్ కదల్లేదు. సాయంత్రానికి చెల్లెలు కళ్లు తెరిచి ఆకలంది. హమ్మయ్య!

"కాళ్లకన్న రాయొచ్చా బిడ్డా?" అని నాయనమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

మీ ఇంట్లోనూ ఇంత ప్రేమ ఉంటే, దవాఖానకు బయల్దేరేముందు ఆముదం సీసా దాచేయండి.