కూడికలో ఒక మనిషి

కోవిడ్ సెలవుల తరువాత కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది ఆగస్టులో నన్ను పెనుకొండలోని ఒక డిగ్రీ కళాశాలకు స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళు ఉంది. మా కాపురం ధర్మవరంలో. పొద్దున రైలెక్కి వెళ్ళి సాయంత్రం రైల్లోనే తిరిగి వచ్చేదాన్ని. డిపార్ట్‌మెంటులో నేనొక్కదాన్నే కాబట్టి ఇన్‌ఛార్జిని కూడా నేనే. అంటే ల్యాబుకు సున్నం వేయించమని కాగితం పెట్టేదీ నేనే, ఎందుకు వేయించలేదని మాట పడేదీ నేనే.

మా గ్రూపులో మ్యాథమెటిక్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ మూడూ కలిపి చదవాలి. ఒకప్పుడు నలభై సీట్లూ నిండేవట. నేను చేరేనాటికి ఏ తరగతిలోనూ పదిమంది దాటలేదు. లెక్కలు ఉన్నాయి కదా, మళ్ళీ ఈ స్టాటిస్టిక్స్ ఏమిటని అడిగే తల్లిదండ్రులకు నేను ఒకటే చెప్పేదాన్ని. గణితంలో కూడిక తప్పితే జవాబు తప్పుతుంది. స్టాటిస్టిక్స్‌లో కూడిక ఒప్పైనా, తెచ్చుకున్న అంకెలు అబద్ధమైతే జవాబు అబద్ధమే. గొప్పగా చెప్పేదాన్ని. పాటించానా అంటే, ఆ సంగతే ఇప్పుడు రాయబోతున్నది.

ప్రాక్టికల్ పరీక్ష పద్ధతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఏడాది పొడుగునా చేసిన ప్రాక్టికల్స్‌ను విద్యార్థి ఒక రికార్డు పుస్తకంలో రాయాలి. లెక్చరర్ పేజీ పేజీకీ సంతకం చేసి, చివర ‘ఇది ఈ విద్యార్థి స్వయంగా చేసిన పని’ అని ధ్రువీకరించాలి. పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. ఆ ధ్రువీకరణ లేని విద్యార్థిని ఆయన లోపలికి రానివ్వరు. రానివ్వకపోతే ఆబ్సెంటు కిందే లెక్క, మళ్ళీ ఏడాది ఆగాలి.

చివరి ఏడాది రికార్డులో మొదటి ప్రాక్టికల్ ఎత్తులది. నలభైమంది విద్యార్థుల ఎత్తులు కొలిచి, సగటు కట్టి, ఆ అంకెలకు గంట ఆకారంలో ఉండే వక్రరేఖ ఎంతవరకు సరిపోతుందో చూడాలి. ఆ కాలేజీలో దీనికొక ఆనవాయితీ ఉండేది. ఏడాది మొదట్లో ల్యాబ్ అటెండరు గంగులప్ప బీరువాలోంచి ఒక పాత రికార్డు తీసి క్లాసు లీడరు చేతికిచ్చేవాడు. దాన్ని మాడల్ రికార్డు అనేవాళ్ళు. అందులో ఉన్నట్టే అందరూ రాసేవాళ్ళు. నేను మాడల్ పక్కన పెట్టుకుని, మొత్తం 6456, సగటు 161.4 అని చూసి టిక్కు కొట్టి సంతకం చేసేదాన్ని. ఏ కాలేజీలోనైనా అంతే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను చేరిన మూడో ఏడాది ఏప్రిల్‌లో, పరీక్షకు నాలుగు రోజుల ముందు, ఏడుగురి రికార్డులు దిద్దుతున్నాను. ఆరింటిలో 6456 ఉంది. నాగమణి రికార్డులో 6290 ఉంది. ఆ అమ్మాయిది అమరాపురం వైపు పల్లె, గొర్రెలు మేపే కుటుంబం, పెనుకొండలో హాస్టల్లో ఉండి చదివేది. నెమ్మదైన పిల్ల. నేను ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, ‘మొత్తం తప్పు, ధ్రువీకరించలేదు’ అని రాశాను. అంతటితో ఊరుకోలేదు. కూడికలే రానివాళ్ళకు స్టాటిస్టిక్స్ ఎందుకమ్మా అని అందరి ముందూ అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మధ్యాహ్నం భోజనాల తరువాత ఆ అమ్మాయి ల్యాబుకు వచ్చింది. ల్యాబు మేడమీద పడమటి వైపు గది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగిపోయింది. ఏడుగురి కోసం గంగులప్ప రోజూ నలభై స్టూళ్ళూ తుడిచి వరసగా పెట్టేవాడు. మిగతా స్టూళ్ళు ఖాళీగా మా వైపు తిరిగి ఉండేవి. వద్దని రెండుసార్లు చెప్పి వదిలేశాను.

నాగమణి రికార్డు బల్లమీద పెట్టి నిలబడింది. “నేను నాలుగుసార్లు కూడినా మేడమ్. అందరికీ వచ్చినంత రాలేదు. నూటరవై ఆరు తక్కువొస్తాండాది” అంది. అందరూ రాసిన మొత్తం తలచుకుని, “కూడికలో ఒక మనిషి ఎక్కువుండాడు మేడమ్” అంది.

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆ పిల్ల అన్నది వింటూనే నా చూపు స్టూళ్ళ మీదికి పోయింది. కాలిక్యులేటర్ తీసి కూడి చూశాను. 6290. మళ్ళీ కూడినా అంతే. అప్పుడు పట్టికను మొదటిసారి సరిగ్గా చూశాను. రోల్ నంబర్లు ఒకటి నుంచి నలభై వరకూ ఉన్నాయి. ఇరవై మూడో నంబరు ఎదుట ఎత్తు లేదు. చిన్న అడ్డగీత ఉంది. పట్టికలో ముప్పై తొమ్మిదిమందే ఉన్నారు. మొత్తంలో మాత్రం నలభైమంది ఉన్నారు. ఆ తేడా నూటరవై ఆరు సెంటీమీటర్లు, నిలువెత్తు మనిషంత.

ఏ బీరువాలో ఎన్ని పాత రికార్డులున్నాయో అన్నీ దింపాం. చెదలు తిన్నవి పోగా మిగిలినవి ఇద్దరం బల్లమీద పరిచి చూశాం. ఒక్కో ఏడాది ఒక్కో చేతిరాత. కొన్ని నీలం సిరా, కొన్ని నలుపు. ఎత్తులు అవే. ఇరవై మూడు ఎదుట అన్నింట్లోనూ అదే గీత. ఒకరు స్కేలు పెట్టి గీశారు, ఒకరు వంకరగా గీశారు, ఎవరూ మానలేదు. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు వచ్చి వెళ్ళినా, పట్టికలోని ఆ ముప్పై తొమ్మిదిమంది ఒక్క అంగుళం ఎదగకుండా అక్కడే నిలబడి ఉన్నారు. ఆఖరి రెండేళ్ళ రికార్డుల కింద ఉన్నది నా సంతకం. ఎండాకాలం మధ్యాహ్నం, పక్కన ఒక మనిషి ఉండగా, నాకు భయం వేసింది. దెయ్యాల భయం కాదని అప్పుడు అనుకున్నాను. ఏ భయమో ఇప్పటికీ చెప్పలేను.

నాగమణికి వేరే భయం ఉంది. ఈసారి పాసైతేనే పి.జి. అని, లేకపోతే హిందూపురం గార్మెంట్స్‌లో చేరమని వాళ్ళ నాయన ఖాయంగా చెప్పాడట. “మీరు గీత కొట్టినారు కదా మేడమ్, ఇంగ ఎక్స్‌టర్నల్ సారు రానిస్తాడా?” అని అడిగింది. గంగులప్పను పిలవమన్నాను.

గంగులప్పకు మరో ఏడాదిలో రిటైర్మెంటు. మాటలు తక్కువ. పరిచిన రికార్డులు చూసి, విషయం ఏమిటని అడగలేదు. గోడవారగా ఉన్న చెక్క బీరువాను ఒక పక్క పట్టుకోమని నాగమణికి సైగ చేశాడు. ఇద్దరూ కలిసి జరిపారు.

దాని వెనక గోడకు సున్నం ఎప్పుడూ తగల్లేదు. పసుపుపచ్చగా మారిన ఆ గోడమీద మనిషెత్తున పెన్సిలు గీతలు ఉన్నాయి. ఒక్కో గీత పక్కన ఒక్కో నంబరు. పొట్టివాళ్ళవి కింద, పొడుగువాళ్ళవి పైన, మధ్యలో ఒకదానిమీద ఒకటి గుంపుగా. పిల్లలంతా బెల్లు కొట్టేవరకు గోడకు ఆనుకుని నిలబడి అప్పుడే పక్కకు తప్పుకున్నట్టు ఉన్నాయి. ఇరవై మూడు కోసం వెతికాను. ఉంది. బల్ల సొరుగులోని టేపు తెచ్చి కింది నుంచి కొలిచాను. నూటరవై ఆరు.

“నేనే స్కేలు పెట్టినా వాని తలమీద” అన్నాడు గంగులప్ప.

అతను చెప్పింది క్లుప్తంగా ఇది. గ్రూపు మొదలైన తొలి బ్యాచ్‌లో ఆ అబ్బాయి ఒకడు. నల్లమాడ వైపు నుంచి వచ్చేవాడు. ఒక గురువారం అందరినీ ఆ గోడకు నిలబెట్టి కొలిచారు. అప్పటి లెక్చరర్‌ను అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆయన ఎత్తులన్నీ బోర్డు మీద వేసి, కింద మొత్తం రాశారు. శనివారం ఆ అబ్బాయి ఊరికి వెళ్ళాడు. వాన వస్తుంటే గొర్రెలను తోలుకొచ్చేందుకు పోయి, పిడుగు పడి చనిపోయాడు. సోమవారం ఆఫీసు వాళ్ళు రిజిస్టరులో పేరు కొట్టేశారు. పేరు లేనివాడి ఎత్తు రికార్డులో ఉండకూడదని ప్రిన్సిపాల్ అన్నారట. పెద్దసారు బోర్డు దగ్గరికి వెళ్ళి ఇరవై మూడు ఎదుట అంకె తుడిచి గీత పెట్టారు.

“కింద మొత్తం మాత్రం తుడవలేకపోయినాడు మేడమ్. రెండుసార్లు డస్టరెత్తి దించినాడు. ఉండనీలే గంగులప్పా అన్నాడు.” పెద్దసారు కాలేజీ నుంచి వెళ్ళిపోయాక కూడా ప్రతి ఏడూ మాడల్ అని ఆ రికార్డునే ఇస్తూ వచ్చాడు గంగులప్ప. “ఇంగ యాడా వాని లెక్క లేదు కదా” అన్నాడు.

తప్పు కదప్పా, ఈ పిల్ల ఏడాది పోయేది కదా అన్నాను.

“నేను దాసిపెట్టినా మేడమ్, అది నిజమే. పాప రికార్డు ఎనక్కిచ్చింది మీరు” అన్నాడు.

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అతను కోపంగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. ఒక చనిపోయిన పిల్లవాడిని అతను ఇన్నేళ్ళు మోశాడు. నేను బతికున్న పిల్లను, కూడిక చూడకుండా, పరీక్ష గది బయట నిలబెట్టబోయాను.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఇన్నేళ్ళ రికార్డులు తప్పని మనమే రాసిస్తే ఆ పాము మన మెడకే చుట్టుకుంటుంది, ఆ అమ్మాయిని కూడా 6456 వేసేయమనండి, సరిపోతుంది అన్నారు ఆయన. సులువైన దారే. కానీ సరిగ్గా కూడిన ఒకే ఒక్క పిల్ల చేత తప్పు రాయించి, కింద ‘స్వయంగా చేసిన పని’ అని నేను సంతకం చేయాలి. చేయనన్నాను. మొత్తం ప్రాక్టికల్ మళ్ళీ చేయిస్తానని, పాతవాటి బాధ్యత నాదేనని కాగితం రాసిచ్చాను. ఆ కాగితానికి తరువాత నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకున్నాను.

మరునాడు పొద్దున ఏడుగురినీ ల్యాబుకు రమ్మన్నాను. సీనియర్లందరూ ఇట్లే రాసినారు కదా మేడమ్ అని క్లాసు లీడరు గొణిగాడు. సీనియర్లతో పాటు నేనూ తప్పే చేశానని చెప్పాను. నాగమణికి అందరి ముందే క్షమాపణ చెప్పి, నా ఎర్రగీతను కొట్టేసి పక్కన సంతకం, తేదీ వేశాను. అందరి ముందు అన్నదాన్ని అందరి ముందే వెనక్కి తీసుకోవాలి.

ఎత్తులు నలభై కావాలి. బి.కాం., బి.ఏ. వాళ్ళలో ముప్పై ముగ్గురిని పట్టుకొచ్చి, చీటీల మీద నంబర్లు వేసిచ్చి వరండాలో నిలబెట్టాం. గోడ అదే, పాత గీతలకు కాస్త ఎడంగా. గంగులప్ప తలమీద స్కేలు పెట్టాడు, ఒకడు టేపు పట్టాడు, నాగమణి నంబరు పిలిచి రాసుకుంది.

ఇరవై రెండు అయింది. నాగమణి “ఇరవై మూడు” అని పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. వరండాలో అప్పటిదాకా ఉన్న గోల ఎందుకో ఆగిపోయింది. చీటీ తీసుకున్న అబ్బాయి బస్సు వేళయిందని చెప్పకుండా వెళ్ళిపోయాడట. అది మాకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం గోడ దగ్గర ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. గంగులప్ప స్కేలు ఎత్తి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే, కింద ఎవరూ లేకుండానే, నిలబడిపోయాడు. నాగమణి నా వైపు చూసింది. ఆమె పెన్ను అప్పటికే గడిలో గీత గీయడానికి ఆనింది.

నేను చెప్పులు విడిచి వెళ్ళి గోడకు ఆనుకున్నాను. ఆ గోడ చల్లగా ఉంది, ఏప్రిల్ ఎండల్లో కూడా. స్కేలు నా తలమీదికి దిగింది. “తల కదిలించొద్దు మేడమ్” అన్నాడు గంగులప్ప. నూటయాభై నాలుగు.

పట్టిక శీర్షికలో ‘విద్యార్థుల’ అన్న మాట కొట్టేసి ‘కళాశాలలోని నలభైమంది’ అని మార్పించాను. ఏడుగురూ విడివిడిగా కూడారు, నేనూ కూడి చూశాను. అందరికీ ఒకటే మొత్తం వచ్చింది. ఏడు రికార్డులనూ ధ్రువీకరించాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి, పేజీలు తిప్పి, ఏమీ అడగకుండా సంతకం పెట్టారు. ఆయన కూడి చూడలేదు. నాగమణి పాసైంది, పి.జి.లో సీటు తెచ్చుకుంది.

మరుసటి ఏడాది గంగులప్ప రిటైరయ్యాడు. కొత్త అటెండరు వచ్చాడు. పరీక్షల ముందు ఆ బ్యాచ్ రికార్డులు నా బల్లమీదికి వచ్చాయి. మొదటి ప్రాక్టికల్ తెరిచి ఇరవై మూడో గడి చూశాను. నూటయాభై నాలుగు అని ఉంది. రెండో రికార్డులోనూ అంతే, మూడోదాంట్లోనూ అంతే. గంగులప్ప వెళ్ళేముందు, మేం కొలిచి రాసిన రికార్డు ఒకదాన్ని కొత్త మాడల్‌గా బీరువాలో భద్రంగా పెట్టి వెళ్ళాడు. వాటన్నిటినీ వెనక్కిచ్చి, టేపు తీసుకుని గోడ దగ్గరికి రమ్మన్నాను.

నేను విరమించాక ఆ బల్ల దగ్గర ఎవరున్నారో, టేపు సొరుగులోంచి తీస్తున్నారో లేదో నాకు తెలియదు. తీయకపోతే, ఏ పిల్లో రాసే రికార్డులో ఇరవై మూడో నంబరుగా నేను ఇప్పటికీ గోడకు ఆనుకుని ఉంటాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది రెండే. గడిలో గీత కనిపిస్తే అది సున్నా కాదు, అక్కడ ఎవరో ఉండాలి, ఎవరని అడగండి. సంతకం పెట్టే ముందు కూడి చూసుకోండి.