ఛాంబరు లోపలి బొట్టు

ఆ రోజుల్లో నాకు భక్తి ఎక్కువ, బుద్ధి తక్కువ. (రెండూ సమానంగా ఉన్నవాణ్ణి మా హోసూరు వర్క్‌షాపులో నేనింతవరకు చూడలేదు, అది వేరే సంగతి.) వేప్పనపల్లి నుంచి వచ్చి ట్రైనీగా చేరాను. బెంగళూరులోని ఒక ప్రయోగశాలకు స్టీలు ఛాంబరు చేసివ్వాలి, అది సరిగ్గా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. అందులో గాలంతా తోడేసి, రవ్వంత వాయువు వదిలి, లేజరుతో కొట్టి ప్లాస్మా చేస్తారట. అప్పుడు పుట్టే షాక్ తరంగం కణాలను పరుగెత్తిస్తుందట. ఆర్డరిచ్చిన ఆవిడకు మేం షాక్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. "ఎదురొచ్చే లారీకి బంతి తగిలితే ఇంకా వేగంగా వెనక్కొస్తుంది కదా? అలా మళ్లీ మళ్లీ తగిలితే?" అని ఆవిడ అడిగిన రోజు నాకు అన్నం సహించలేదు. అంత వేగం నా చేతిమీదుగా పుట్టాల్సిందేనని పట్టుబట్టాను.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా మేస్త్రీ (టీ గ్లాసును కూడా స్కేలు పెట్టి చూసే రకం, అందుకే అందరికీ కొలతప్ప) లేతు మొదలు సుత్తి దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టాడు. ఛాంబరుకు బయటే పెట్టాడు. అసలు పని జరిగేది లోపల కదా! మూత బిగించే ముందు, ఎవరూ చూడకుండా చెయ్యి దూర్చి లోపలి గోడకు నిండుగా బొట్టు పెట్టాను.

మర్నాడు పంపు ఎంతసేపు నడిపినా లోపలి ఒత్తిడి అడిగినంతకు దిగలేదు. మూడు రోజులు అతుకు అతుకూ లీకు కోసం వెతికాం. "యాడప్పా ఉండాది లీకు? ముప్పై ఏండ్ల చెయ్యి ఇది, ఎప్పుడూ ఇట్ల కాలే" అని కొలతప్ప తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. తడి చందనం లోపల ఆవిరవుతూ ఉంటే ఒత్తిడి ఎలా దిగుతుంది? నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది, ఆయన పరువు పోతుంది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ చెప్పేశాను.

"లీకు యాడా లేదు మేస్త్రీ. పూజ దినం నేనే లోపల బొట్టు పెట్టినాను."

ఆయన జేబులోంచి స్కేలు తీసి, "ఎంత బొట్టురా?" అన్నాడు. (కొలత తెలియందే ఆయనకు కోపం కూడా రాదు.)

మూత విప్పి, గ్లౌజులు వేసుకుని ఇద్దరం తుడిచాం, కడిగాం, వేడిచేసి ఆరబెట్టాం. నా పర్మనెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది. పోతే పోయిందని ఛాంబరును మాత్రం వదల్లేదు. చివరికి మీటరు ముల్లు దిగినప్పుడు కొలతప్ప నా వీపు మీద ఒక్కటి చరిచాడు. కొన్నాళ్లకు షాక్ మేడమ్ ఫోన్ చేసి కణాలు పరుగెత్తాయని చెబితే నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు మేస్త్రీని నేనే. (వెనకాల అందరూ బొట్టప్ప అంటారని తెలుసు.) ఆయుధపూజకు ముందు ఛాంబర్ల మూతలన్నీ నా చేత్తోనే బిగిస్తాను. బిగించే ముందు ఒకసారి లోపలికి తొంగి చూస్తాను. లోపల అద్దంలా మెరిసే స్టీలు, దాంట్లో నా నెరిసిన మీసం. వేలు ఇప్పటికీ కుంకుమ గిన్నె వైపు పోబోతుంది, రెండో చేత్తో పట్టుకుంటాను.