చాందీ విన్న నాలుగు గొంతులు

మోతె దగ్గరి తండాలో పుట్టిన చాందీ సూర్యాపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టర్. చూపులేనివాళ్లకు తెలుగు పుస్తకాలు చదివి వినిపించే ప్రోగ్రాం వాళ్లది. అందులో పలికే గొంతు మాత్రం వేరేవాళ్లు చేసిన ప్లగిన్, అంటే విడిగా ఎక్కించుకునే భాగం. ఏడాదికోసారి దానికి కొత్త వెర్షన్ వస్తుంది. చాందీ అన్నిటికన్నా కొత్తదాంతోనే పరీక్షించేది. ఆఫీసులో అంతే చేయమన్నారు.

మొన్న జూన్‌లో తమ ప్రోగ్రాంకు అప్‌డేట్ పంపిన మర్నాడే త్రిపురారం నుంచి పర్వతాలు ఫోన్ చేశాడు. చూపు లేకున్నా ఇరవై ఏళ్లుగా సోషల్ చెబుతున్న టీచరాయన.

"మేడం, మీది ఏసుకున్నంక నా కంప్యూటర్ నోరే తెరుస్తలేదు. సోమవారం బడి తెరుస్తరు. పాఠాలు ఎట్ల తయారు చేసుకోవాలె?"

"మీ గొంతు ఏ ఏడాదిది సార్?"

"మూడేండ్ల కిందిది. కొత్తది ఏసి సూసిన. మిషన్ పాతది గద, ఆగిపోతది."

అన్నీ బాగున్నాయని రిపోర్టు రాసింది తనే. చాందీకి తల కొట్టేసినట్టయింది. నేరుగా మేనేజర్ సుధాకర్ దగ్గరికి వెళ్లింది.

"మిషన్ మార్చుకోమను. పాతయన్ని మనమెక్కడ సూస్తం?" అన్నాడతను.

"పాతదాంతోని గూడ నడుస్తదని మన వెబ్‌సైట్‌ల మనమే రాసినం సార్."

సుధాకర్ వెబ్‌సైట్ తెరిచి ఆ మాట చూసుకున్నాడు. "రెండు రోజులు. ఇగ అంతే," అన్నాడు.

చాందీ నాలుగేళ్ల వెర్షన్లూ ఒక్కొక్కటే ఎక్కించి, ఒకే పేజీని చదివించింది. ఎంత వేగంగా చదవగలవని ప్రోగ్రాం ఈ అప్‌డేట్ నుంచి గొంతును కొత్తగా అడుగుతోంది. అన్నిటికన్నా పాత గొంతుకు ఆ ప్రశ్నే తెలియదు, అందుకే మూగబోయింది. రెండేళ్ల కిందటిది చక్కగానే చదివింది కానీ, అంకెల్లో రాసిన సంవత్సరాలన్నీ దాటేసింది. దాని మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. అక్కడొక సంవత్సరం ఉందని వినేవాళ్లకు తెలిస్తే కదా!

రెండు తప్పులూ సరిచేయించి శనివారం మళ్లీ పంపారు. పర్వతాలు ఎక్కించుకుంటుంటే చాందీ ఫోన్‌లోనే ఉంది.

"ఆఁ, వచ్చింది! జర ఆగున్రి మేడం..." అంటూ ఆయన ఫోన్ సంగతే మరిచిపోయి పేజీ మొత్తం విన్నాడు. చాందీ కూడా పెట్టేయకుండా వింది.

ఇప్పుడు ప్రతి అప్‌డేట్‌నూ నాలుగు వెర్షన్లతో పరీక్షించాకే పంపుతున్నారు. వచ్చే ఏడాది అన్నిటికన్నా పాతదాన్ని తీసేద్దామని సుధాకర్ అంటున్నాడు. చాందీ కాదనలేదు. దాన్ని ఇంకా వాడుతున్న పదకొండు మందినీ ఆలోపు తమ మిషన్ మీద నడిచే వేరే గొంతుకు మార్చడానికి ఇప్పటినుంచే ఫోన్లు చేస్తోంది.