నాగసిరి మేష్ట్రుకు ఎవరిమీదా నమ్మకం లేదు

మేష్ట్రు పోయారన్న కబురు నాకు చింతామణిలో, సినిమా హాలు బయట అందింది. అప్పుడే ఆట వదిలారు. జనం కళ్లు తుడుచుకుంటూ, ముక్కులు చీదుకుంటూ బయటికి వస్తున్నారు. అది మా కూతురు, మా పాప తీసిన సినిమా. ఒక్కొక్క ముఖమూ చూస్తూ ఆనందం పట్టలేక, ఎవరో తెలియని ముసలామెతో "ఇది తీసింది మా పాపేనమ్మా" అని కూడా చెప్పేశాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "పొద్దున్నించీ అందురూ అట్లే చెప్తాండారు" అని వెళ్లిపోయింది. అంతలో ఫోను మోగింది. మేష్ట్రు కొడుకు.

"మా నాయన పోయినాడప్పా."

"నిజంగానా?" అన్నాను.

చావు కబురు చెప్పిన మనిషిని అలా అడగకూడదని నాకూ తెలుసు. అతను మాత్రం ఏమీ అనుకోలేదు.

"ఈసారి నిజమేనప్పా" అన్నాడు.

కొన్నేళ్ల కింద ఇలాగే కబురు వచ్చింది. మేష్ట్రుకు ఒంట్లో బాగాలేదు, ఆఖరి చూపుకు రండని. బాగేపల్లి దగ్గర ఆయన పల్లెకు మేమంతా పడుతూ లేస్తూ పోయాం. ఆయన అరుగుమీద కూర్చుని రాగిముద్దను ఉలవచారులో అద్దుకుని తింటున్నారు. వచ్చిన ప్రతివాడి ముఖమూ చూస్తూ, నోట్లో ముద్ద అట్లే పెట్టుకుని తల ఊపుతున్నారు. నన్ను చూసి, "ఇంత లేటుగా వచ్చినావే నాగసిరీ, బస్సు దొరకలేదా, బుద్ధి పుట్టలేదా?" అన్నారు. మేము తిట్టాం. ఆయన చెయ్యి కడుక్కుని, "నేను పోయినప్పుడు యెవురెవురు వస్తారో నాకు తెల్సుకోవల్ల గదా. అప్పుడు చూసేకి నేనుండను" అన్నారు.

ఈయన బడిలో మేష్ట్రు కాదు. నాటకం మేష్ట్రు. మా చిక్కబళ్లాపురం, బాగేపల్లి వైపు పల్లెల్లో రాత్రంతా ఆడే తెలుగు నాటకాలు ఉన్నాయి. కేళికె అంటాం. పంట ఇంటికి చేరాక మేష్ట్రు హార్మోనియం పట్టుకుని ఊళ్లోకి దిగుతారు. నెలల తరబడి ఉండి, మాలాంటి సేద్యగాళ్లకే వేషాలు కట్టి, పాటలు నేర్పి, ఆడించి పోతారు. మండికల్ పక్కనున్న మా ఊరికి ఆయన వచ్చిన ఏడు నాకు ఇంకా మీసం సరిగా రాలేదు. గొంతు సన్నం. చూడగానే, "వీడే నాగసిరి" అన్నారు. అప్పటినుంచి నా పెళ్లిలోనూ, మా పాప నామకరణంలోనూ, డెయిరీ దగ్గర పాలు పోసే వరుసలోనూ అందరి ముందూ ఆయన నన్ను పిలిచింది ఆ పేరుతోనే.

నాగసిరి కథ ఆయన సొంతంగా కట్టిన నాటకం. గుడిబండె కొండమీద కోటలో పాళెగాడు, అతని కూతురు నాగసిరి. కొండమీది రాతిదొనల నుంచి కోటకు నీళ్లు మోసేవాడు మల్లప్ప. ఇద్దరికీ మనసు కలుస్తుంది. పాళెగాడికి అది తెలిసి, మల్లప్ప నీళ్లలో విషం కలుపుతాడని పుకారు పుట్టిస్తాడు. కోటంతా నమ్ముతుంది. నాగసిరి ఒక్కటే నమ్మదు. మెట్లదారికి కాపలా పెడితే, మెట్లు లేని వెనకవైపు నున్నటి బండమీద ఇద్దరూ దిగిపోవడానికి బయల్దేరతారు. అక్కడితో నాటకం అయిపోతుంది. దిగారా, జారిపోయారా అన్నది లేదు. దానిమీద మా ఊళ్లో అన్నదమ్ములు కూడా మాట్లాడుకోవడం మానేశారు.

మేష్ట్రు నేర్పే పద్ధతి ఇంకెక్కడా లేదు. ఎవరి మాటలు వారికే చెప్పేవారు, అదీ నోటితోనే. నాకు మా పశువుల కొట్టంలో నేర్పారు. మల్లప్ప వేషగాడికి వాళ్ల మడిగట్టుమీద. పాళెగాడి వేషం కట్టినాయనకు వాళ్ల మిద్దెమీద. ఎదుటివాడి మాటల్లో ఆఖరి మాట ఒక్కటే నాకు చెప్పేవారు, అది వినబడగానే నేను అందుకోవాలని. మొత్తం నాటకం ఒక్కరికి తెలిస్తే, దాన్ని చింతామణి వైపు ఇంకో మేష్ట్రుకు అమ్ముకుంటారని ఆయన అనుమానం. జనంలో ఎవరైనా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే చాలు, హార్మోనియం ఆపేసి, "ఎవురప్పా నువ్వు, ఏ ఊరు?" అని అడిగేవారు. పాపం, వాడికి చెవుడు ఉండేది.

అన్నింటికంటే ఎక్కువ గుట్టు ఆఖరి రంగంలో. ఇద్దరు మనుషులు తెరగుడ్డను చెరో కొసా పట్టుకుని నిలబడతారు. తెర వెనకనుంచి మల్లప్ప నాగసిరిని పిలవాలి. ఆ మాటలు మాత్రం మల్లప్ప వేషగాడికి కూడా ఇవ్వలేదు. వాడు పక్కన కూర్చుని బీడీ తాగుతుంటే, మేష్ట్రే హార్మోనియం వదిలి తెర వెనక్కి పోయి చెప్పేవారు. అదే సమయంలో మద్దెలవాడు మద్దెల పగిలేలా వాయించాలని ఆయన ఆజ్ఞ. నాకు వినబడేది ఒక్కటే మాట, "వస్తావా?" అని. నేను "వస్తాండా" అని తెర వెనక్కి అడుగు వేసేవాణ్ణి. అక్కడ మేష్ట్రు చెమటలు కక్కుతూ నిలబడి, నా చీర కుచ్చిళ్లు చూసి మొట్టికాయ వేసేవారు. అంతకుముందు ఆయన ఏమంటారో ఏ ఊళ్లోనూ తెలియలేదు. నన్నే తిట్టుకుంటారేమో అని నాకు చాలా ఏళ్లు అనుమానం.

మా పాపను నిద్రపుచ్చేటప్పుడు నేను పాడింది నాగసిరి పాటలే. అది బెంగళూరులో సినిమా పని నేర్చుకుని, ఎవరెవరి దగ్గరో చాకిరీ చేసి, సొంతంగా తీసే అవకాశం వచ్చిన రోజు ఇంటికొచ్చి, "నాయనా, నాగసిరినే తీస్తా" అన్నది. నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. మేష్ట్రు ఇస్తే కదా అని ఆ వెంటనే అనుకున్నాను. ఆయన కాదంటే దానికి సినిమా లేదు.

ఇద్దరం వెళ్లాం. ముందు ఆయన పాప ఫోను తీసుకుని రాగిపిండి డబ్బాలో పెట్టి మూత బిగించారు.

"ఇప్పుడు చెప్పు పాపా. నీ వెనకాల ఎవురుండారు?"

"మా నాయనే తాతా."

"ఈ నాగసిరిని అడగలా. దుడ్డు పెట్టేవాళ్లు యాడోళ్లు?"

"బెంగళూరు వాళ్లు తాతా."

"చూస్తివా, చింతామణి మీదుగానే పోవల్ల!" అన్నారు నావైపు తిరిగి. బెంగళూరు దారిలో చింతామణి తగలదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అయినా ఇచ్చారు. ఒక్కో రంగం, ఒక్కో వారం. ఒకే పాటను ఒకసారి ఒక రాగంలో, మళ్లీ ఇంకో రాగంలో చెప్పేవారు, బయటికి పొక్కితే ఎవరిద్వారా పొక్కిందో తెలియాలని. మా పాప విసుక్కోలేదు. రెండూ నేర్చుకుని, "తాతా, నాకు రెండోదే బాగుండాది" అనేది. మేష్ట్రు ముఖంలో వెలుగు వచ్చేది, వెంటనే ఆర్పేసుకునేవారు.

గుడిబండెలో షూటింగు జరిగినన్నాళ్లూ గొడుగు వేసుకుని వచ్చి కూర్చున్నారు. హీరోయిన్ చంకలో కడవ చూసి, ఖాళీ కడవతో మోసం చేస్తున్నారని గొణిగి, లేచిపోయి వంచి చూశారు. కడవ నిండా నీళ్లు. పంచె తడిసింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "నేనొచ్చి చూస్తానని ఎవురో ముందే చెప్పేసినారు" అన్నారు.

అంతా అయింది, ఆఖరి రంగం తప్ప. అది ఆయన ఇవ్వలేదు. దుడ్డు పెట్టినాయన మనిషి ఒకడు టీ తాగుతూ, ఇద్దరూ చేతులు పట్టుకుని కొండమీంచి దూకేస్తే హాలంతా ఏడుస్తుందని ఎవరితోనో అన్నాడు. మేష్ట్రు చెవిన పడింది. గొడుగు ముడిచి కొండ దిగి బస్టాండులో కూర్చున్నారు. మేమిద్దరం పరుగెత్తాం.

"చెప్పలా నేను? నా నాగసిరిని చంపేకి వచ్చినారు మీరు."

"నేను చంపను తాతా."

"మాట ఎవురైనా ఇస్తారు పాపా."

బాగేపల్లి బస్సు వచ్చి నిలబడింది. ఆయన లేచారు. రేపటితో అందరూ సామాన్లు కట్టేస్తారు, ఆఖరి రంగం లేకపోతే ఆ దూకడమే మిగులుతుంది. మా పాప కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మాట మాత్రం తొణకలేదు.

"నాకు చెప్పొద్దులే తాతా. మా నాయనకు చెప్పు. ఆయప్ప నాగసిరి గదా, ఇన్నేండ్లు నువ్వు రమ్మంటే వచ్చినాడు. ఏమని పిలిచినావో ఆయప్పకైనా తెలియద్దా? కెమెరా ఉండదు."

మేష్ట్రు నన్ను చూశారు. నా తెల్లమీసం, బట్టతల, పాలక్యాను మోసి వంగిన భుజం అంతా చూశారు. బస్సు వెళ్లిపోయింది.

కొండ వెనకవైపు, ఎండ తగ్గాక, మేష్ట్రు సంచిలోంచి పాత తెరగుడ్డ తీశారు. అది సంచిలో ఎందుకుందని మేమెవరమూ అడగలేదు. ఒక కొస మా పాప, ఇంకో కొస ఆ హీరోయిన్ అమ్మాయి పట్టుకున్నారు. మద్దెల లేదు. మొదటిసారిగా నేను ఆ మాటలన్నీ విన్నాను. "వస్తాండా" అని నాకే వినబడేట్టు అన్నాను. తెర అవతలనుంచి, "గట్టిగా చెప్పవే, వెనకోళ్లకు వినబడల్ల" అని కసిరారు. తర్వాత బయటికొచ్చి మా ముగ్గురికీ వేలు చూపించి, "నేనుండేంతవరకూ ఈ మాట బయటికి పోగూడదు" అన్నారు.

పోలేదు. మా పాప ఎవరెవరితో పోట్లాడిందో నాకు పూర్తిగా చెప్పలేదు గాని, సినిమాలో ఆ దూకడం లేదు. అంత పెద్ద కోట, అన్ని గుర్రాలు, అంతమంది జనం అయిపోయాక, ఆఖరున ఒక్క తెరగుడ్డ, మద్దెల చప్పుడు, "వస్తావా?" అంతే.

బాగేపల్లి సినిమా హాల్లో మేష్ట్రు నా పక్కన కూర్చుని చూశారు. ఆ రంగం రాగానే తెరవైపు వీపు పెట్టి, వెనక జనం ముఖాలు చూశారు. దీపాలు వెలిగాక, "మీ పాప బయట పెట్టలేదప్పా" అన్నారు. నన్ను అప్పా అని పిలిచింది ఆ ఒక్కసారే.

"ఇప్పుడు నమ్మినావా మేష్ట్రా?"

"ఇంగా కొన్నాళ్లు చూస్తాం లే."

ఇప్పుడు గుడిబండెకు జోడీలు వస్తున్నాయి. నాగసిరి దిగిన దారి యాడ అని అడిగితే, ఆటోవాళ్లు తలా ఒక బండ చూపిస్తున్నారు. మా ఊళ్లో ఆడపిల్లలే కేళికె కట్టుకుని, నాగసిరి వేషం వాళ్లే వేస్తున్నారు. నా సన్నగొంతుతో ఇక పని లేదు. మేష్ట్రు వాళ్లకు కూడా తలా ఒక చోటే నేర్పారు. ఆయన దయవల్ల మా పాపకు ఒక సినిమా, నాకు రెండు బతుకులు దొరికాయి. ఈ రాత మా పాపకు చూపించలేదు. చూపిస్తే దిద్దుతుందని నా అనుమానం. ఆ అనుమానం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

చింతామణి నుంచి నేను చేరేసరికి ఊరు నిండిపోయింది. ఆయన చూడాలనుకున్న వాళ్లంతా వచ్చారు. మా పాప నాకంటే ముందే వచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పాడె ఎత్తేముందు పాత వేషగాళ్లు తెరగుడ్డ తెచ్చి ఆయనకు అడ్డంగా పట్టుకున్నారు. నాటకం మేష్ట్రు పోతే అలా పట్టి దించడం మా వైపు రివాజు. మద్దెలవాడు చెయ్యెత్తి నావైపు చూశాడు. వద్దన్నాను.

ఇప్పుడు చెప్పవచ్చు. ఆ రోజు కొండమీద, తెర వెనకనుంచి ఆయన అన్న మాటలు ఇవి.

"నాగసిరీ, నేను ముందు దిగుతాండా. కాలు జారేచోట నిలబడి చెప్తా. నా గొంతు వినబడేంత దూరంలోనే ఉండు, తొందరపడొద్దు. వస్తావా?"

నేను తెరకు ఇవతల నిలబడి ఉన్నాను. గుడ్డ మధ్యలో, ఎవరో చెయ్యి పెట్టి చూస్తున్నట్టు, కొంచెం కదిలింది. గాలికి అన్నారు పక్కవాళ్లు. నాకు అనుమానమే.